అక్క కాలూ అంబాసిడర్ బ్రేకూ

ఆ ఆదివారం నేను చేసిన తప్పు ఏమిటంటే, నోరు తెరవాల్సిన చోట మూసుకున్నాను, మూసుకోవాల్సిన చోట తెరిచాను. మొదటిదాని వల్ల పెద్ద గిన్నెడు చేపల పులుసు కారుపాలైంది. రెండోదాని వల్ల మా అక్క కారు తాళం నా జేబులోకి వచ్చింది. పులుసు సంగతి నన్ను ఎవరూ అడగలేదు. తప్పు నాదని తెలిస్తే గదా అడగడానికి.

కారు మా బావది. తెల్ల అంబాసిడర్. బావ పోయాక అక్కదైంది. కోవూరు నుంచి సముద్రం వైపు పోతుంటే వరి పొలాలు అయిపోయి రొయ్యల గుంటలు మొదలయ్యే చోట అక్క ఊరు. అక్కడే బడిలో టీచరుగా చేసి రిటైరైంది. పెళ్లయిన కొత్తల్లో బావ ఆమెకు కాలువ కట్ట మీద కారు నేర్పించాడు. అప్పట్లో ఊరంతా కట్ట మీదికి వచ్చి నవ్విందట. ఇప్పుడు ఆ నవ్విన వాళ్లకే నెల్లూరు ఆస్పత్రికి పోవాలంటే అక్క కావాలి. మా చర్చిని మేం గుడి అనే అంటాం, సంఘంలో ఏ పెళ్లికూతురు గుడికి పోయినా ఆ కారులోనే. నెలలు నిండిన వాళ్లు, కంటి ఆపరేషన్ వాళ్లు, పరీక్ష రోజు బస్సు తప్పిపోయిన పిల్లలు, అందరూ ముందు అక్కకు ఫోన్ చేస్తారు, ఆ తర్వాతే అంబులెన్సు గుర్తొస్తుంది. పిల్లలు లేని మా అక్కకు ఇంటినిండా మనుషులున్నారంటే ఆ కారు పుణ్యమే.

ఆ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప గిన్నె లోపల రెండు లైనింగు రెక్కలు విచ్చుకుని దాన్ని ఒరుసుకోవాలి. ఒరుసుకుందామా వద్దా అని అవి కాసేపు ఆలోచిస్తాయి. వానలో తడిస్తే ఇంకాసేపు ఆలోచిస్తాయి. అక్క వాటి ఆలోచనకు టైమిచ్చి నడుపుతుంది. దూరం నుంచే ఒకసారి మెల్లగా తొక్కి వాటికి కబురు చెబుతుంది. ఆ తర్వాత స్టీరింగు పట్టుకుని, సీట్లోంచి కాస్త పైకి లేచి, ఒంటి బరువంతా కుడికాలి మీద వేసి తొక్కుతుంది. కారు ఎడమకు లాగుతుంది, ఆమె స్టీరింగు కుడికి తిప్పుతుంది. రెండూ కలిసి తిన్నగా ఆగుతాయి. చూసేవాళ్లకు అది కారు ఆపినట్టు ఉండదు, మొండి గేదెను కట్టుగొయ్య దగ్గరికి లాక్కొచ్చినట్టు ఉంటుంది.

నాకు ఆ విద్య రాలేదు. నేను నెల్లూరులో ఉంటాను, సెలవు రోజుల్లో సరదాకు ఆ కారు తీస్తుంటాను. పోయిన వానల్లో ఒకసారి రొయ్యల ఐసు మోసే లారీ వెనక పోతూ బ్రేకు తొక్కాను. లారీకీ నాకూ మధ్య బెత్తెడు దూరం మిగిలింది. నిజం చెప్పాలంటే ఆగింది నా కారు కాదు, ముందుకు కదిలిపోయింది లారీ. ఆ రోజు నుంచి నాకు డిస్క్ బ్రేకుల పిచ్చి పట్టింది. ఫోన్లో వీడియోలు చూశాను. ముందు రెండు చక్రాలకూ డ్రమ్ములు తీసేసి, గుండ్రటి ఇనప బిళ్లలు బిగించి, వాటిని రెండు వైపులా పటకారులా పట్టుకునే కాలిపర్లు పెడతారు. పెడలు తేలిగ్గా పోవడానికి బానెట్టు కింద బూస్టరొకటి. ఇంత తెలిశాక అక్క దగ్గరికి పోయి నిపుణుడిలా కూర్చున్నాను.

"అక్కా, ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు పెట్టిద్దాం."

"ఎందుకు?"

"తొక్కంగానే ఆగుద్ది."

"ఇప్పుడు మాత్రం ఆగటంల్యా?"

"ఆగుద్ది. గానీ దానిష్టం వచ్చినప్పుడు ఆగుద్ది."

"నువ్వూ అంతే గదరా. నిన్ను మార్పించినామా?"

మా ఆవిడ పక్కనే ఉంది. ఆమె అంత గట్టిగా నవ్వాల్సిన అవసరం లేదు.

"అది గాదక్కా, వానలో..."

"మీ బావ ఉన్నప్పటి బ్రేకురా అది. దాని సంగతి నాకు తెలుసు, నా సంగతి దానికి తెలుసు. ముట్టుకోబాక."

సరే అన్నాను. అన్న మాట అక్కడే వదిలేసి, సర్వీసింగని చెప్పి కారు నెల్లూరు తెచ్చేశాను.

నా మనసులో దురుద్దేశం లేదు. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే ఎక్కడో తేడా ఉన్నట్టు. అక్క భద్రత కోసమే అనుకున్నాను గానీ, అందులో సగం నా సరదా. ఇంకో పావు, అక్క వద్దన్నది చేసి చూపించాలన్న చిన్నప్పటి దుగ్ధ. భద్రత ఆ మిగిలిన పావులో ఇరుక్కుని ఉంది.

పాత కార్లు బాగుచేసే మెకానిక్కు ఒకాయన దొరికాడు. నోరు ఊరుకోని మనిషి. తుక్కు కింద అమ్మిన వేరే కారు నుంచి డిస్కులూ కాలిపర్లూ తెచ్చాడు. అవి మా కారుకు సరిపోవడానికి లేతు మిషను దగ్గర ఇనప పలకలు కోయించాడు. పని జరుగుతున్నంతసేపూ కారుతోనే మాట్లాడేవాడు. "ఏందమ్మా, అంత బిగుసుకునుండావు? కొత్త కోడలివా?" అని నట్టును అడిగేవాడు. చివర్లో బ్రేకు ఆయిలు పోసి గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు నన్ను సీట్లో కూర్చోబెట్టి తాను కిందికి దూరాడు.

"తొక్కన్నా. పట్టుకో. వదలబాక, వదలబాక... ఆఁ, ఇప్పుడు వదులు. గాలి బుడగ ఒక్కటి మిగిలినా బ్రేకు మెత్తబడిపోద్ది."

పని అయ్యాక ఊరి బయటికి తీసుకుపోయి చూపించాడు. కాలు ఊరికే ఆనించాడు, కారు ఎటూ లాగకుండా ఉన్నచోట నిలబడింది. నా ఒళ్లు పులకరించింది.

"ఇంట్లో ఇంకెవురన్నా నడుపుతారా అన్నా?"

"మా అక్క."

"అయితే ముందే చెప్పు. పాత అలవాటున తొక్కిందనుకో, ముక్కు పోయి అద్దానికి తగులుద్ది."

"చెప్తాలే."

పైకి ఏమీ తేడా తెలియదు. అవే చక్రాలు, అవే మూతలు. బానెట్టు ఎత్తితే తప్ప ఎవరికీ అంతుపట్టదు. ఆ తేడా తెలియకపోవడమే నన్ను చెడగొట్టింది. బయటికి కనబడే తప్పయితే ఎంతో కొంత భయముండేది.

శనివారం సాయంత్రం కారు అప్పజెప్పడానికి పోయాను. అక్క పెరట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద గిన్నెలో చేపల పులుసు కాస్తోంది. మర్నాడు మా గుడిలో కోత పండుగ. కొత్త పంట ఇంటికొచ్చాక వడ్లో, గుమ్మడికాయో, కోడిపెట్టో ఎవరికి తోచింది వాళ్లు గుడికి తెచ్చి అర్పిస్తారు, వాటిని అక్కడే వేలం వేసుకుంటారు, ఆ తర్వాత అందరూ కలిసి భోంచేస్తారు. ఆ భోజనంలో చేపల పులుసు ఏళ్లుగా అక్కదే. మా వైపు పులుసు కాచిన రోజు తినం, రాత్రంతా మామిడికాయ ముక్కలతో ఊరి మర్నాటికి దారిలో పడుతుంది. గరిట పెట్టకూడదు, ముక్క చితికిపోతుంది. గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని మెల్లగా ఊపాలి. అక్క గిన్నె ఊపుతూనే అడిగింది.

"ఏం చేయించినావురా సర్వీసింగులో?"

"గ్రీజు పెట్టించినా. ఆయిలు మార్పించినా."

"బ్రేకు ముట్టుకోలేదు గదా?"

"లేదక్కా."

ఎంత సుళువుగా వచ్చిందో ఆ మాట. రేపు గుడికి నేనే నడుపుతాను, పండుగ అయిపోయాక తీరిగ్గా చెబుతాను అనుకున్నాను.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. తెల్లారేసరికి అక్క తాళం పట్టుకుని స్టీరింగు ముందు కూర్చుంది. సాయానికి వచ్చిన పాస్టరు గారి భార్య, మేమంతా అమ్మగారు అంటాం, వెనక సీట్లో కూర్చుని పులుసు గిన్నెను కాళ్ల మధ్య పెట్టుకుంది. గిన్నెకు తెల్లగుడ్డ వాసెన కట్టారు. నేను అక్క పక్కన ఎక్కాను. ఇప్పుడు చెప్పాలి. అమ్మగారి ముందు అబద్ధం బయటపడితే బాగుండదు. మొదటిసారి మెల్లగా తొక్కినప్పుడు అక్కకే తెలుస్తుంది, అప్పుడు నవ్వుతూ చెప్పేద్దాం అనుకున్నాను. కారు బయల్దేరింది. కట్ట మీది దారి తిన్నగా ఉంది. ముందు ఎవరూ లేరు. అక్కకు బ్రేకుతో పనే పడలేదు.

కట్ట మలుపులో కోసిన మళ్లలోంచి బాతుల మంద పైకెక్కింది. మందంటే ఒక చివర కనబడితే ఇంకో చివర కనబడని మంద. అవి మెల్లగా తొక్కి కబురు చెప్పేంత టైమివ్వలేదు. అక్క స్టీరింగు పట్టుకుని సీట్లోంచి లేచింది.

"అక్కా, మెల్ల..." అన్నాను.

కారు మేకు కొట్టినట్టు నిలబడింది. నా నుదురు ముందుకు పోయి డాష్‌బోర్డును తాకింది. పులుసు మాత్రం ఆగలేదు. వాసెన తెంచుకుని, సీట్ల మధ్యలోంచి ముందుకు వచ్చి, గేరు రాడ్డును ముంచి, నా చెప్పుల్లోకి చేరి, మిగిలింది వెనక్కి పోయి అమ్మగారి తెల్ల చీరను ఎర్రగా తడిపింది. ఒక మామిడికాయ ముక్క ఆమె కొప్పులో ఇరుక్కుంది. మొదట అమ్మగారే నోరు విప్పింది.

"దేవునికి స్తోత్రం, నిన్నటిది. వేడిగా లేదు."

బాతులు కాసేవాడు కర్ర భుజాన వేసుకుని కిటికీలోకి తొంగిచూశాడు. "ఏం పర్లేదక్కా, నా బాతులు బాగనే ఉండాయి. నీ చేపలే పోయినట్టుండాయి!"

అక్క నవ్వలేదు. వంగి తన కుడికాలిని చూసుకుంటోంది.

"ఎప్పుడూ తొక్కినట్టే తొక్కినా గదరా? ఏమయింది నాకు?"

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. అందులోంచి వచ్చింది ఇది: "ఏమోనక్కా. వయసు గదా, ఒక్కోసారి కాలు మాట వినదు."

గుడి దగ్గర ఆ పూట అందరూ పప్పూ సాంబారూ తిన్నారు. పులుసు కోసం వచ్చిన పెద్దాయన ఒకరు ఊరుకోలేదు. "పంతులమ్మా, ఈసారి పులుసు మీ కారే తాగేసిందంట గదా! మాకు టైర్లన్నా నాకనియ్యి." అందరూ నవ్వారు. ఎవరో "ఇంక స్టీరింగు తమ్ముడికిచ్చెయ్ అక్కా" అన్నారు. అక్క కూడా వాళ్లతో పాటు నవ్వింది. గుమ్మడికాయల వేలం నడుస్తుండగా నన్ను పక్కకు పిలిచి తాళం చేతిలో పెట్టింది.

"ఇంక నేను నడపన్రా. పులుసు కాబట్టి సరిపోయింది. నెలలు నిండిన పిల్ల కూర్చోనుంటే?"

నేను తాళం తీసుకున్నాను.

తర్వాత నాలుగైదు రోజులు నేను చేసిన ప్రాయశ్చిత్తం కారు కడగడం. మ్యాట్లు తీసి కుంకుడురసంతో రుద్దాను, నిమ్మచెక్కలతో తోమాను, వేపాకు పొగ వేశాను. వాసన పోలేదు. మా వీధి పిల్లులు నేను ఇల్లు చేరేసరికి అరుగు మీద కాసుకుని ఉండేవి. ఒకటైతే బానెట్టు మీదే కాపురం పెట్టింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసేది.

"సీట్లు కడిగితే పోయేదానికి ఇంత మొహం వేలాడేసుకున్నారేంది?"

"పులుసు మరక అంత తొందరగా పోదు."

"పులుసుదేనా?"

ఆమెకు కూడా చెప్పలేదు. ఈలోగా ఫోన్లు నాకు రావడం మొదలయ్యాయి. అక్క అందరికీ నా నంబరిచ్చి తాను తప్పుకుంది. గురువారం కంటి ఆపరేషన్ చేయించుకున్న ఒక ముసలమ్మను ఆస్పత్రిలో చూపించి తీసుకొస్తున్నాను. దారి పొడుగునా ఆమెకు నా డ్రైవింగు మీద ఫిర్యాదే.

"మీ అక్కయితే గుంతొచ్చే ముందర పట్టుకోమని చెప్పుద్ది నాయనా. నువ్వు గుంతలో పడినాక అయ్యో అంటావు."

"నేర్చుకుంటానవ్వా."

"ఏం నేర్చుకుంటావులే. అక్క కాలికి తొందరగా బాగవ్వాలని రోజూ ప్రార్థన చేస్తుండాం. మొన్న పాస్టరయ్యగారు ఇంటికొచ్చి కాలి మీద చెయ్యి పెట్టి చేసినారు. కన్నీళ్లతో చేసినారు నాయనా!"

నేను బ్రేకు తొక్కాను. ముసలమ్మ ముందు సీటు పట్టుకుంది.

"అదిగో, ఇది కూడా చెప్పకుండా తొక్కినావు."

ఆమెను ఇంటి దగ్గర దింపి నేరుగా అక్క ఇంటికి పోయాను. అక్క కుర్చీలో కూర్చుని కుడికాలు పీట మీద పెట్టుకుంది. పక్కన నువ్వులనూనె గిన్నె. నన్ను చూసి లేవబోయి గోడ పట్టుకుంది. మా అక్క గోడ పట్టుకుని లేవడం నేను పుట్టి ఎరగను.

"బయటికి రా అక్కా. ఒకటి చూపించాల."

బానెట్టు ఎత్తాను. అక్క తొంగిచూసింది.

"అదేందిరా, ఆ నల్ల డేకిసా?"

"బూస్టరు."

"ఏం చేసుద్ది?"

"నువ్వు బ్రేకు తొక్కితే దాని బలం గూడా కలుపుద్ది. ముందు చక్రాలకి డిస్కులు పెట్టించినా. నువ్వొద్దన్నాక పెట్టించినా. ఆ పొద్దు నువ్వు పాత బ్రేకనుకుని తొక్కినావు, కొత్తది పట్టేసింది. నీ కాలు తప్పేం చెయ్యలేదక్కా. చేసింది నేను."

తిడుతుందనుకున్నాను. ఆమె చాలాసేపు ఆ నల్ల డేకిసానే చూసింది.

"అంటే నా కాలికి ఏం కాలేదా?"

"ఏం కాలేదు."

అక్క కారుకు ఆనించిన చెయ్యి తీసేసింది. కుడికాలు ఎత్తి నేల మీద గట్టిగా కొట్టి చూసుకుంది. మళ్లీ కొట్టింది. అప్పుడు వచ్చింది కోపం.

"ఒరే, నూనె రుద్దుకుంటుండానురా నేను! మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటుండా. నడుస్తా నడుస్తా యాడ పడిపోతానో అని గుడి దాకా గూడా పోవటంల్యా. బాగుండే కాలికి కుంటడం నేర్పించినావు గదరా!"

"తప్పైపోయిందక్కా."

"అయ్యగారు ప్రార్థన చేసినారు దీనికి!"

"చేస్తే మంచిదే గదా..." అని నవ్వించబోయాను.

ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు. "లేని రోగాన్ని ఆయన చేత దేవుడికి మొరపెట్టించినావు. ఊరంతా నన్ను ముసిల్దాన్ని చేసింది, నువ్వు వింటా కూర్చున్నావు. పోయి చెప్పు. అందరి ముందరా నువ్వే చెప్పు."

తాళం ఇవ్వబోయాను. తీసుకోలేదు.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం ఒకటి ఉంటుంది. జ్వరం తగ్గిన వాళ్లూ, ఉద్యోగం వచ్చిన వాళ్లూ లేచి దేవుడు చేసిన మేలు చెబుతారు. నేను కూడా ఇంతకుముందు చాలా చెప్పాను, అన్నిట్లోనూ నేనే కాస్త మంచివాడిగా కనబడేలా చెప్పుకున్నాను. ఈసారి మైకు పట్టుకుని ఉన్నదున్నట్టు మొదలుపెట్టాను. అక్క వద్దన్నదీ, నేను అబద్ధమాడిందీ, బాతులూ, ఆ తర్వాత వయసు మీద నెట్టిందీ వరసగా చెప్పాను. పాస్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"దీనికి ఆమెన్ అనాల్నా, వద్దా?" అన్నారాయన.

ఆడవాళ్ల వరసలోంచి అమ్మగారి గొంతు వినిపించింది. "నా చీర సంగతి చెప్పలేదు నాయనా."

చీర సంగతి కూడా చెప్పాను. అప్పుడు పగిలింది నవ్వు. టైర్లు నాకనియ్యమన్న పెద్దాయన లేచి నిలబడి, అక్క వైపు తిరిగి, "పంతులమ్మా, మా మాట మేం వెనక్కి తీసుకుంటుండాం" అన్నాడు. ఎవరో "మరి ఆ కాలికి ప్రార్థన ఆపేద్దామా?" అని అడిగారు. కంటి ఆపరేషన్ ముసలమ్మ నల్లకళ్లజోడు సర్దుకుంటూ చెప్పింది, "ఆపబాకండి. తమ్ముడి నోటికి మార్చండి."

అక్క కూడా నవ్వింది. ఇక అయిపోయిందనుకుని గుడి బయట మళ్లీ తాళం చాచాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నా కాలు నాకు తిరిగొచ్చింది, సరే. కారు రాలేదు. అది ఎప్పుడు ఎట్టా ఆగుద్దో నాకు తెలీదిప్పుడు. తెలీని బండిలో ఊళ్లో పిల్లల్ని ఎక్కించుకోన్రా."

ఒప్పుకుంటే తప్పు తీరిపోతుందని నేను అనుకోవడం కూడా తప్పేనని అప్పుడు తెలిసింది. మర్నాడే నెల్లూరు పోయి, మెకానిక్కు షెడ్డులో మూలన పడేసిన పాత డ్రమ్ములూ లైనింగులూ గోనెసంచిలో కట్టించాను. మెకానిక్కును కూడా కూర్చోబెట్టుకుని అక్క ఇంటికి తెచ్చాను. సంచి ఆమె ముందు దించాను.

"ఇవి నీవి. అడక్కుండా తీసినాను. పెట్టించమంటే ఇప్పుడే బిగిస్తాడు."

మెకానిక్కు అదిరిపడ్డాడు. "అన్నా! నా బిడ్డను నా చేతే గొంతు పిసికిస్తావా?"

అక్క అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఆ తర్వాత బడిలో పిల్లల్ని అడిగినట్టు అడగడం మొదలుపెట్టింది.

"వానలో ఎట్ట ఆగుద్ది?"

"బిళ్ల బయటికే ఉంటాది గదమ్మా, నీళ్లు నిలవవు. తొందరగా పట్టుద్ది."

"ఉప్పుగాలికి తుప్పు పట్టదా?"

"పట్టుద్ది. నాలుగు రోజులు తియ్యకపోతే పైన ఎర్రగా వచ్చుద్ది. రెండుసార్లు బ్రేకేస్తే పోతాది."

"దారిలో ఇంజను ఆగిపోతే? ఆ నల్ల డేకిసా పనిచేసుద్దా?"

మెకానిక్కు నా వైపు చూశాడు. నేనెప్పుడూ అడగని ప్రశ్న అది. "ఒకటి రెండు తొక్కుళ్లకి చేసుద్దమ్మా. ఆమీట దాని బలం ఉండదు. గట్టిగా తొక్కాల్సొస్తాది."

"ఎంత గట్టిగా?"

"మీరు ఇన్నేళ్లూ తొక్కినంత."

అక్క ముఖంలో మొదటిసారి వెలుగు చూశాను. గోనెసంచిని కాలితో పక్కకు జరిపింది. "ఇవి కొట్టంలో పెట్టు. దీన్ని నేర్చుకుంటా." నా వైపు తిరిగి వేలు చూపించింది. "నువ్వు ఎడం పక్క కూర్చో. అడిగితే చెప్పు. అడక్కపోతే చెప్పబాక."

అప్పటినుంచి సాయంత్రాలు నేను నెల్లూరు నుంచి రావడం, కట్ట మీద ఆమె పక్కన కూర్చోవడం. అక్క చెప్పులు విడిచి వట్టికాలితో తొక్కేది. మొదట్లో ప్రతిసారీ కారుతో పాటు నా తల గుడిలో ఆమెన్ చెప్పినట్టు ముందుకు ఊగేది. నా మెడ పట్టేసింది. ఈసారి నువ్వులనూనె మా ఆవిడ నాకు రుద్దింది, రుద్దుతూ నవ్వింది. అక్క ఎవరూ లేని చోట ఆపేది, కంచె దగ్గర ఆపేది, బాతులవాడు మందను తోలుకొస్తుంటే కావాలని దూరం నుంచి వచ్చి మెల్లగా ఆపేది. వాడు ప్రతిసారీ సలాం కొట్టేవాడు. మధ్యమధ్య ఆమె పాత అలవాటున సీట్లోంచి లేచేది, లేచి గుర్తొచ్చి మళ్లీ కూర్చునేది. "మీ బావ చూసుంటే బో నవ్వేవాడు" అనేది. నేను మాట్లాడేవాడిని కాదు. అడగలేదు గదా.

ఒక సాయంత్రం కట్ట మీద ఉండగా అక్క ఫోన్ మోగింది. కాలనీలో ఒక పిల్లకు పురిటి నొప్పులు మొదలయ్యాయి. వాళ్లమ్మకు కంగారులో నా నంబరు దొరక్క పాత అలవాటున అక్కకు చేసింది. నా చెయ్యి స్టీరింగు వైపు పోబోయి ఆగిపోయింది. అక్క ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, వట్టికాలు ఒకసారి పెడలు మీద ఆనించి తీసింది.

"వస్తుండా. సంచులు సర్దుకోనుండండి" అంది. ఫోన్ పెట్టేసి నాతో, "దిగు" అంది.

"నేను గూడా వస్తానక్కా."

"వాళ్లమ్మ, అత్త, సంచులు. నీకు చోటేడుంది? దిగు."

దిగాను. కారు కాలనీ వైపు పోయింది. కాసేపటికి అదే దారిన వెనక్కి వచ్చి నన్ను దాటుకుని పోయింది. వెనక సీట్లో ఆ పిల్ల వాళ్లమ్మ భుజం మీద వాలి ఉంది. మలుపు దగ్గర వెనక ఎర్రలైట్లు వెలిగాయి. కారు తల వంచకుండా నెమ్మదించి, తిరిగి, నెల్లూరు దారిలో కలిసింది.

నేను కట్ట మీద నడుస్తూ, ఆ మధ్య నాకు ఫోన్లు చేసిన వాళ్లందరికీ ఒక్కొక్కరికే చేశాను. కారు కావాలంటే ఇక అక్కకే చేయండని, ఇప్పుడు కాలనీ పిల్లను ఆస్పత్రికి తీసుకుపోయింది కూడా తనేనని చెప్పాను. కంటి ఆపరేషన్ ముసలమ్మ మాత్రం అంతటితో వదల్లేదు.

"సరే నాయనా. తొలికాన్పు, యెంతసేపు పడుద్దో. అక్కడ మీ అక్కకి కూడెవురు పెడతారు?"

అది నాకు తట్టలేదు. అక్క ఇంటికి పోయి అన్నం వండాను, పప్పు తాలింపు వేశాను, క్యారియరు కట్టుకుని నెల్లూరు పోయే బస్సెక్కాను.